నాలుగుసార్లు చదివినా మూడు యుద్ధాలూ కలిసిపోతున్నాయి, తప్పు ఎక్కడ?

నాగావళి_ఒడ్డు
శ్రీకాకుళంలో గ్రూప్-2కి చదువుతున్న పదకొండుమందికి టైంటేబుల్ వెయ్యాలి. స్థానిక చరిత్రలో మూడు యుద్ధాలున్నాయి: బొబ్బిలి, చందుర్తి, పద్మనాభం. అందరూ నాలుగేసిసార్లు చదివారు. పసుపు, ఆకుపచ్చ, గులాబీ రంగులు పూసి పూసి పుస్తకం హోలీ ఆడొచ్చినట్టుంది. వారం తర్వాత పుస్తకం మూయించి అడిగితే ఒకడు బుస్సీని పద్మనాభం పంపించాడు, ఇంకొకడు 1758లో బొబ్బిలి కోట తగలబెట్టాడు. పైగా "మాకు జ్ఞాపకశక్తి లేదండీ" అంటున్నారు. "21 రోజుల్లో జ్ఞాపకశక్తి రెట్టింపు" అని ఫ్లెక్సీ కట్టినచోట డబ్బు కట్టడానికి ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. సైకాలజీ తెలిసినవాళ్ళు చెప్పండి, తప్పు మెదడుదా, పద్ధతిదా? పరీక్షకి 70 రోజులుంది.

జీడిపప్పు_పలాస
ఆ డబ్బేదో నాకు కట్టమనండి. 20 రోజుల్లో మూడు రెట్లు చేస్తాను.

గంటస్తంభం
పద్ధతిదే. జ్ఞాపకం మూడుచోట్ల చెడుతుంది: లోపలికి వెళ్ళేటప్పుడు, లోపల ఉన్నప్పుడు, బయటికి తీసేటప్పుడు. మీవాళ్ళకి ఎక్కువగా చెడుతున్నది మూడోచోట, ఎందుకంటే బయటికి తీసే పని వాళ్ళు ఒక్కసారీ చెయ్యలేదు. నాలుగోసారి చూసే పేజీ మీద కళ్ళు జారిపోతాయి. అలా జారిపోవడాన్నే "నాకొచ్చేసింది" అనుకుంటారు. సంతలో మొహం చూసి "ఈయన్నెక్కడో చూశానే" అనుకోవడం వేరు, మనిషి ఎదురుగా లేకుండా పేరు చెప్పడం వేరు.

2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం చూడండి. ఒక గుంపు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒకసారే చదివి, రెండోసారికి బదులు కాగితం మూసేసి గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళకి 81 శాతం, రాసినవాళ్ళకి 75. చదివినవాళ్ళదే పైచేయి, వాళ్ళ ధీమా అక్కడిదే. రెండు రోజులకి కథ మారింది: 54, 68. వారానికి 42, 56.

కాబట్టి 15 నిమిషాలు చదివించండి. పుస్తకం మూయించి తెల్లకాగితం మీద 10 నిమిషాలు రాయించండి. తర్వాత పుస్తకం తెరిచి 5 నిమిషాలు ఎర్రపెన్నుతో దిద్దించండి. మొదటిరోజు కాగితం సగం ఖాళీగా ఉంటుంది, మొహాలు వేలాడతాయి. ఏది రాదో ఆ ఖాళీలోనే తెలుస్తుంది, రంగుల పేజీ ఆ మాట ఎప్పటికీ చెప్పదు.

మావిడితాండ్ర
ఇదేటండీ, కొత్తగా కనిపెట్టినట్టు. ఎక్కాలు వల్లెవేసిన తరానికి పదహారో ఎక్కం ఇప్పటికీ నాలుక మీదుంటుంది. నాలుగుసార్లు చాలకపోతే నలభైసార్లు చదవాలి, అంతే.

గంటస్తంభం
తాండ్రగారూ, ఎక్కం వల్లెవేసినప్పుడు పుస్తకం తెరిచుందా, మూసుందా? మాస్టారు పిల్లాణ్ణి నిలబెట్టి "పదహారేళ్ళు?" అని అడిగితే వాడు లోపల్నుంచి తియ్యాల్సిందే. అది చదవడం కాదు, పరీక్షే. మీరు మా పక్కే వాదిస్తున్నారు.

మావిడితాండ్ర
సరే, ఒప్పుకున్నాను. సగం.

చీపురుపల్లి_చిన్నోడు
గ్రూప్-2 ప్రిలిమ్స్ అంతా ఆప్షన్లే కదా. నాలుగింట్లో ఒకటి గుర్తుపడితే చాలు. మొహం చూసి గుర్తుపట్టడమే సరిపోయే చోట ఈ తెల్లకాగితం శ్రమెందుకు?

సిరిమాను
ఆప్షన్లు తయారుచేసేవాడు చుట్టాలనే పక్కపక్కన కూర్చోబెడతాడు తమ్ముడూ. 1757, 1758, 1794, నాలుగోది 1802. నాలుగూ "ఎక్కడో చూశాను" అనిపిస్తాయి. తెలిసిన మొహాన్నిబట్టి గుర్తుపట్టడం అక్కడే బోల్తా కొడుతుంది.

ఇక అసలు ప్రశ్నకి వస్తాను. ఈ మూడు యుద్ధాలూ కలిసిపోవడానికి మరుపు ఒక్కటే కారణం కాదు, ఒకదాన్నొకటి తొక్కేస్తున్నాయి. సైకాలజీలో దీన్ని జోక్యం అంటారు. ముందు నేర్చింది తర్వాతిదాన్ని చెడగొట్టవచ్చు, తర్వాతిది ముందుదాన్ని చెడగొట్టవచ్చు. పోలిక పెరిగినకొద్దీ జోక్యం పెరుగుతుంది. పోలికలు ఎన్నున్నాయో చూడండి. ఇద్దరు విజయరామరాజులు: 1757లో పెద, 1794లో చిన. విజయనగరం సంస్థానం మూడింట్లోనూ ఉంది, కానీ మూడుసార్లూ మూడు రకాలుగా నిలబడింది. 1757 జనవరి 24న బొబ్బిలి మీదకి బుస్సీతో, అంటే ఫ్రెంచివాళ్ళతో కలిసి వెళ్ళింది. రెండేళ్ళు తిరక్కుండానే పక్క మార్చింది. పెద విజయరామరాజు తర్వాత గద్దెక్కిన ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్ళని పిలిపించాడు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫోర్డ్ సేన కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సేనని ఓడించింది. 1794 జూలై 10న పద్మనాభంలో అదే ఇంగ్లీషు కంపెనీ మీద నిలబడి చిన విజయరామరాజు ప్రాణం వదిలాడు.

మీవాళ్ళు ఈ మూడింటినీ మూడు వేరువేరు రోజుల్లో, మూడు వేరువేరు పేజీల్లో చదివుంటారు. ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి ఒకే ప్రశ్న వెయ్యమనండి: "ఈసారి విజయనగరం ఎవరి పక్క?" 57లో ఫ్రెంచితో, 58లో ఇంగ్లీషుతో, 94లో ఇంగ్లీషు మీద. ఏది ఎక్కడ విడిపోతుందో కనబడ్డాక కలగాపులగం సగం తగ్గుతుంది.

పొందూరు_ఖద్దరు
దీనికో నిరూపణ ఇక్కడే ఉంది. 175717581794. ఈ థ్రెడ్ చదవనివాడికి ఇవి పన్నెండు అంకెలు, ఒకసారి విని తిరిగి చెప్పలేడు. చదివినవాడికి మూడు ముక్కలు. జార్జి మిల్లర్ 1956లో మనిషి ఒక్కసారికి "ఏడు, రెండు అటూఇటూ" పట్టుకోగలడన్నాడు. ఆ ఏడు అంకెలు కాదు, ముక్కలు. ముక్క ఎంత పెద్దదన్నది ముందే తెలిసినదాన్నిబట్టి ఉంటుంది.

తెల్లజిల్లేడు
ఏడు పాత లెక్కండీ. లోలోపల వల్లించుకునే వీలు, ముక్కలు కలుపుకునే వీలు లేకుండా చేస్తే నాలుగు దగ్గరే ఆగుతుందని నెల్సన్ కోవన్ 2001లో వాదించాడు. టైంటేబుల్ వేసేవాళ్ళు నాలుగే అనుకోవడం మంచిది.

అంకెల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. తెలుగువాళ్ళం ఫోన్ నెంబరు ఇంగ్లీషులో చెప్పుకుంటాం, ఎందుకంటారు? తాత్కాలిక జ్ఞాపకానికి బ్యాడ్లీ, హిచ్ 1974లో పెట్టిన నమూనాలో ఒక శబ్దపు చుట్ట ఉంటుంది, అంటే విన్నదాన్ని లోలోపల తిప్పి తిప్పి పలికే చోటు. సుమారు రెండు సెకన్లలో పలకగలిగినంతే అందులో నిలుస్తుంది. వేల్స్‌వాళ్ళ వెల్ష్ భాషలో అంకెల పేర్లు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి వాళ్ళకి వెల్ష్‌లో తక్కువ అంకెలు, ఇంగ్లీషులో ఎక్కువ అంకెలు నిలిచాయని 1980లో ఎల్లిస్, హెనెలీ చూపించారు. "తొమ్మిది ఎనిమిది ఏడు ఒకటి" అని పలికి చూడండి, తర్వాత "నైన్ ఎయిట్ సెవెన్ వన్" అనండి. మన లెక్కా అలాగే పోతుందనుకుంటాను.

జీడిపప్పు_పలాస
అంటే ఇంగ్లీషు మీడియం గెలిచిందంటారు.

తెల్లజిల్లేడు
రెండు సెకన్లపాటు గెలిచింది.

చీపురుపల్లి_చిన్నోడు
ఒక్క రోజులో 70 శాతం మర్చిపోతామని ఎబ్బింగ్‌హౌస్ గ్రాఫు వాట్సాప్‌లో తిరుగుతోంది. అదే నిజమైతే ఎలా చదివి ఏం లాభం?

పొందూరు_ఖద్దరు
ఆ గ్రాఫు నిజం, కింద రాసిన మాట తప్పు. 1885లో ఎబ్బింగ్‌హౌస్ తన మీద తనే చేసుకున్న ప్రయోగం అది. అర్థంలేని పదాలు, హల్లు-అచ్చు-హల్లు, 13 ఒక వరుస. ఎంత గుర్తుందని కొలవలేదు, మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత సమయం మిగిలిందో కొలిచాడు. మొదటిసారి 1000 సెకన్లు పట్టింది, మర్నాడు 660 సెకన్లే పట్టింది అనుకోండి, మిగులు 34 శాతం. ఆయనకి 20 నిమిషాల తర్వాత 58, గంటకి 44, రోజుకి 34, ఆరు రోజులకి 25, నెలకి 21 శాతం మిగిలింది. దీన్ని తిరగేసి "66 శాతం పోయింది" అనకూడదు. ఒక్క పదమూ గుర్తురాని స్థితిలోనూ మిగులు కనబడవచ్చు, అంటే లోపల జాడ ఉందన్నమాట. పైగా అవి అర్థంలేని పదాలు. అర్థమున్న పాఠం అంత నిటారుగా జారదు. గ్రాఫు ఆకారం మాత్రం నమ్మండి: మొదట్లో జారుడెక్కువ, తర్వాత నెమ్మది.

ఉత్పలమాల
అర్థం మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఆదిభట్ల నారాయణదాసుగారి గడ్డ మీద ఉండి అవధానం ఊసెత్తకపోతే ఎలా? అష్టావధానిని చూడండి. ఒక పృచ్ఛకుడికి పద్యంలో ఒక్క పాదం చెప్పి వదిలేసి ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు. చుట్టంతా తిరిగొచ్చి రెండో పాదం అందుకుంటాడు. మధ్యలో అప్రస్తుతప్రసంగి అడ్డదిడ్డం ప్రశ్నలేస్తాడు, ఇంకోపక్క గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టుకోవాలి. చివర్లో ధారణ, పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి.

దీన్ని 1959లో పీటర్సన్ దంపతులు చేసిన ప్రయోగం పక్కన పెట్టండి. మూడు హల్లులు చెప్పి, వెంటనే ఒక సంఖ్య ఇచ్చి మూడేసి తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. 18 సెకన్లకి సరిగ్గా చెప్పినవి పది శాతానికన్నా తక్కువ. వెనక్కి లెక్కపెట్టించడం అప్రస్తుతప్రసంగి పనే. మూడు అక్షరాలు నిలవనిచోట అవధానికి నాలుగేసి పాదాలు ఎలా నిలుస్తాయి? ఉత్పలమాల అని తెలిస్తే పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. ప్రాస కుదరాలంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు. ఒక పాదం చేతికొస్తే మిగతా మూడింటికి రెండో అక్షరం ముందే దొరికినట్టు. గణాలు గురులఘువుల్ని కట్టేస్తాయి, అర్థం మిగతాదాన్ని లాగుతుంది. గుర్తు తెచ్చుకోవడానికి ఆధారం అంటే ఇదే.

మావిడితాండ్ర
అంటే అవధానికి జ్ఞాపకశక్తి ఎక్కువ అనే కదా చివరికి.

ఉత్పలమాల
ఆ పద్యాల వరకూ ఎక్కువ. అదే మనిషికి ఛందస్సు లేని లాటరీ నెంబర్లిస్తే ఏమవుతుంది? 1980లో ఎరిక్సన్, చేస్ బృందం ఒక మామూలు కాలేజీ కుర్రాణ్ణి 230 గంటలపాటు అంకెల మీద సాధన చేయించింది. ఏడు అంకెల దగ్గర మొదలై 79కి చేరాడు. అతను పరుగుపందేల మనిషి, అంకెల్ని పరుగు సమయాలుగా మార్చి పట్టుకునేవాడు. అంకెల బదులు అక్షరాలివ్వగానే ఆరు దగ్గరికి పడిపోయాడు. "జ్ఞాపకశక్తి" అని కండలాంటిది ఒకటి ఉండి, దాన్ని పెంచితే అన్నింటికీ పనికొస్తుందన్న ఫ్లెక్సీకి ఇదే జవాబు. చరిత్ర గుర్తుండాలంటే చరిత్రే సాధన చెయ్యాలి.

అరసవిల్లి_ఎండ
మరి 70 రోజుల్లో ఎప్పుడెప్పుడు మళ్ళీ చదవాలి? ఎడం ఇవ్వాలంటారు, ఎంతో ఎవరూ చెప్పరు. 2008లో సెపెడా బృందం వెయ్యిమందికి పైగా జనంతో చేసిన లెక్క ప్రకారం 70 రోజులకి 21 రోజుల ఎడం మేలు.

పొందూరు_ఖద్దరు
అక్కడ చిన్న మెలిక ఉంది. ఆ 70 రోజులు రెండో చదువు నుంచి పరీక్ష దాకా లెక్క. మొదటి చదువు నుంచి చూస్తే 91. వాళ్ళ లెక్కలివి: పరీక్ష వారంలో ఉంటే ఎడం ఒక రోజు, 35 రోజుల్లో ఉంటే 11, 70 అయితే 21, 350 అయినా 21 చుట్టుపక్కలే. నాగావళిగారికి మొత్తం కలిపి 70 రోజులు కాబట్టి ఎడం రెండువారాల పైచిలుకు, పదహారు రోజులనుకోండి. అదీ ఒక్కసారే మళ్ళీ చూసేటట్టయితే. చాలాసార్లు చూసే వీలున్నవాళ్ళకి పెట్టె పద్ధతి మంచిది.

నాగావళి_ఒడ్డు
పెట్టె పద్ధతి వివరంగా చెప్పండి. పదకొండుమంది, ఖర్చు తక్కువలో.

గంటస్తంభం
సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో ప్రచారంలోకి తెచ్చాడు. తెల్ల ఏ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చెయ్యండి. ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. చెప్పులడబ్బాలో అట్టలు అడ్డంపెట్టి నాలుగు గదులు చేస్తే చాలు. మొదటి గది రోజూ చూస్తారు, రెండోది మూడు రోజులకి, మూడోది వారానికి, నాలుగోది 14 రోజులకి. వచ్చిన కార్డు తర్వాతి గదికి వెళ్తుంది. రానిది ఏ గదిలో ఉన్నా మొదటి గదికే, దయ చూపకూడదు.

లెక్క: 1, 3, 7, 14 కలిపితే 25 రోజులు. కొత్తకార్డు నాలుగు గదులూ దాటాలంటే 45వ రోజుకల్లా కొత్తవి ఆపెయ్యాలి. రోజుకి 20 కొత్తవి, 45 రోజులు, మొత్తం 900 కార్డులు. దారిలో పడ్డాక రోజుకి 20 చొప్పున నాలుగు గదులు, 80 పాతవి. కార్డుకి 10 సెకన్లు వేసినా 13 నిమిషాలు, తప్పినవి కలిపి 20. మొదటివారం ఉత్సాహంతో రోజుకి 60 రాసి, అదే జోరు పట్టినవాడు నాలుగోవారానికి రోజుకి 240 పాతకార్డుల కింద పడి పెట్టె అటకెక్కిస్తాడు. ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే.

కార్డు రాయడంలో చేసే తప్పు ఇంకోటి: "బొబ్బిలి యుద్ధం గురించి రాయుము". ఒక కార్డుకి ఒకే ముక్క ఉండాలి. "1758లో ఇంగ్లీషువాళ్ళని పిలిపించింది ఎవరు?" వెనక: ఆనంద గజపతి. జవాబు పైకి అనేదాకా తిప్పకూడదు. రెండు సెకన్లు ఆలోచించి తిప్పేస్తే మళ్ళీ రంగుల పేజీ కథే.

మావిడితాండ్ర
ఒకడు రాస్తే పదకొండు జిరాక్సులు తీయించొచ్చు కదా?

సిరిమాను
తీయిస్తే సగం ఫలితం జిరాక్సు షాపువాడికి. తయారుగా ఇచ్చిన మాటకన్నా తనంతట తాను పుట్టించిన మాట బాగా నిలుస్తుందని 1978లో స్లామెకా, గ్రాఫ్ చూపించారు. ఎవరి కార్డు వాళ్ళే రాసుకోవాలి.

జీడిపప్పు_పలాస
మరి స్టేషన్ల కిటుకు? రాజ్యాంగం షెడ్యూళ్ళు పన్నెండూ మన రైలు స్టేషన్ల మీద పెట్టొచ్చని విన్నాను.

ఉత్పలమాల
పెట్టొచ్చు. గ్రీకుల కాలంనాటి పద్ధతే. దారి బాగా తెలిసినదై ఉండాలి, బొమ్మ విడ్డూరంగా ఉండాలి. పలాసలో జీడిపప్పు కొట్టువాడు రాష్ట్రాల మ్యాపుని తక్కెట్లో తూస్తున్నాడు: ఒకటో షెడ్యూలు, రాష్ట్రాలు. నౌపడ ఉప్పుమళ్ళలోంచి జడ్జిగారు నెల జీతాన్ని ఉప్పుమూటల్లో మోసుకెళ్తున్నారు: రెండు, జీతభత్యాలు. కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి గుడి ముందు మంత్రులు వరసగా చేతులెత్తారు: మూడు, ప్రమాణాలు.

ఒక్క జాగ్రత్త. నదుల వరుస ఇలా పెట్టకండి. వంశధారని తీసుకెళ్ళి పొందూరులో పారిస్తే అసలు భూగోళం వచ్చి మీ బొమ్మని తన్నేస్తుంది. జాబితాకీ దారికీ చుట్టరికం ఉండకూడదు. ఇంకోటి, ఈ కిటుకు వరుసని మాత్రమే గుర్తుంచుతుంది. షెడ్యూల్లో ఏముందో అర్థం కావడం వేరే పని.

అరసవిల్లి_ఎండ
చోటు గురించి ఎవరూ మాట్లాడలేదు. 1975లో గాడెన్, బ్యాడ్లీ ఈతగాళ్ళకి నీళ్ళ అడుగున పదాలు నేర్పితే నీళ్ళ అడుగునే బాగా గుర్తొచ్చాయి, ఒడ్డున నేర్చినవి ఒడ్డునే.

జీడిపప్పు_పలాస
ఐతే నాగావళిలో మునిగి చదివించండి.

తెల్లజిల్లేడు
కమిషన్‌వాళ్ళు పరీక్ష కూడా నాగావళిలోనే పెడితే. దీంట్లో పనికొచ్చేది ఇంతే: ఒకే బల్ల, ఒకే ఫ్యాను కింద అలవాటు చెయ్యకండి. వారానికి రెండుసార్లు చోటు మార్చి, అసలు పరీక్ష వేళకే, ఓఎంఆర్ షీటు మీద రాయించండి.

సిరిమాను
మాక్ టెస్టులో ఒక ప్రమాదం ఉంది, అది కూడా రాసుకోండి. తప్పు ఆప్షను నమ్మి గుర్తుపెట్టి, జవాబు చూసుకోకుండా వదిలేస్తే ఆ తప్పే బుర్రలో కూర్చుంటుంది. 2005లో రోడిగర్, మార్ష్ దీన్ని చూపించారు. టెస్టు అయ్యాక కీ చూడకుండా ఎవర్నీ బయటికి పంపకండి. మార్కులు చూసుకుని వెళ్ళిపోవడం కాదు, తప్పిన ప్రతిదానికీ "ఇదెందుకు కాదు" అని ఒక వాక్యం రాయించాలి.

చీపురుపల్లి_చిన్నోడు
కొంచెం పక్కదారి. మొన్న ఒక బండి గుద్దుడికి ఇద్దరు సాక్షులు. ఒకరు అద్దం పగిలిందన్నారు, ఇంకొకరు లేదన్నారు. ఇద్దరూ ఒట్టేసి చెప్తున్నారు. ఒకరు అబద్ధమాడుతున్నట్టే కదా?

తెల్లజిల్లేడు
అక్కర్లేదు. 1974లో లాఫ్టస్, పామర్ కార్లు గుద్దుకున్న ఫిల్ము చూపించి వేగం అడిగారు. ప్రశ్నలో క్రియ ఒక్కటే మార్చారు. "బద్దలయ్యేలా గుద్దుకున్నప్పుడు" అని అడిగితే సగటున గంటకి 40.8 మైళ్ళన్నారు, "తగిలినప్పుడు" అంటే 31.8. ఇంకో ప్రయోగంలో వారం తర్వాత "పగిలిన గాజు చూశారా" అని అడిగారు. ఫిల్ములో గాజు లేదు. గట్టి మాటతో అడిగిన 50 మందిలో 16 మంది చూశామన్నారు, మామూలు మాటతో అడిగినవాళ్ళలో ఏడుగురు, వేగం ఊసే ఎత్తనివాళ్ళలో ఆరుగురు. జ్ఞాపకం వీడియో కాదు, తీసిన ప్రతిసారీ మళ్ళీ అల్లుకుంటుంది. అల్లేటప్పుడు చేతికందిన దారాలన్నీ కలుస్తాయి. ఆ ఇద్దర్నీ మొదట ఎవరు, ఏ మాటతో అడిగారో కనుక్కోండి.

పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఏటా వెళ్ళేవాళ్ళని "ఏ ఏడు వానలో తడిశారు?" అని అడిగి చూడండి. పదేళ్ళ పండుగలూ కలిసి ఒకటే పండుగైపోయి ఉంటాయి. మీ మూడు యుద్ధాల సంగతీ అదే.

నాగావళి_ఒడ్డు
ఇప్పుడు తెలిసింది. రంగుపెన్నులు లాక్కున్నాను. రేపట్నుంచి 15-10-5, సాయంత్రం కార్డులు, ఆదివారం చోటు మార్చి ఓఎంఆర్. ఒక్క అనుమానం, రాత్రి పదకొండు తర్వాత కార్డులు తిప్పించవచ్చా?

పొందూరు_ఖద్దరు
పడుకునే ముందు పావుగంట తిప్పి వెంటనే పడుకుంటే మంచిదే. నేర్చుకున్నాక నిద్రపోతే మరుపు తక్కువని 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ దగ్గర్నుంచి తెలిసిన సంగతే. కార్డుల తర్వాత ఫోను పడితే లెక్క తప్పుతుంది. నిద్ర తగ్గించి కార్డులు పెంచడం మాత్రం వద్దు.

మావిడితాండ్ర
చెప్పులడబ్బా బదులు తాండ్రడబ్బా పనికొస్తుందా? నాలుగు గదులు పడతాయి.

సిరిమాను
పడతాయి. పైగా మూతమీద "తాండ్ర" అని చూడగానే పాపారాయుడు, పాపారాయుడితో బొబ్బిలి, బొబ్బిలితో 1757. ఒక కార్డు మిగిలింది.

నాగావళి_ఒడ్డు
పదకొండు డబ్బాలు కావాలి తాండ్రగారూ. ఖాళీవి.